మాకంటే ముందే పైసలు కట్టిపోయినాయన

దయ్యాన్ని చూశానని ఎవరైనా నా దగ్గర అంటే, ఎంత దూరం నుంచి చూశావు, అప్పుడు వెలుతురు ఎంత ఉంది, అంతకుముందు ఏం తాగావు అని వరుసగా అడుగుతాను. సగంమంది రెండో ప్రశ్నకే లేచిపోతారు. మాది నల్లగొండలో కిరాణా దుకాణం. తరాజు పక్కన పెరిగిన మనిషిని. కళ్లముందు తూకం పడనిదే ఏదీ నమ్మను. ఇప్పుడు చెప్పబోయేది మిమ్మల్ని కూడా నమ్మమనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎక్కడైనా తూకం తేడా కనిపిస్తే మీరే నాకు చెప్పండి.

అవి అరవైల మొదటి రోజులు. నేను తాలూకా కచేరీలో గుమాస్తాను. దావీదు నాకు బడి నాటి దోస్తు, ఒక దవాఖానలో కంపౌండర్. వాళ్లది కేతేపల్లి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి మరియమ్మ కూలికి పోతూ, నాలుగు మేకలు సాకుతూ వాడిని చదివించింది. ఆమెకు వాడొక్కడే.

ఆ దవాఖానకు యూరప్ నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. వాళ్ల దేశాల్లో పడుచు పిల్లలు వీపుకు సంచి కట్టుకుని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి నడుస్తూ పోతారని, సత్రాల్లాంటి చోట చవగ్గా పడుకుంటారని, రొట్టె ముక్క తిని రోజు గడిపేస్తారని ఆమె చెప్పింది. అంతే, మావాడికి పిచ్చి పట్టింది.

"వాళ్లు మన దాకా వచ్చి మన జ్వరాలు చూసి పోతున్రు. మనం పోయి వాళ్ల మంచు చూడొద్దారా?" అనేవాడు.

పిచ్చి వాడిది, లెక్క నాది. అప్పట్లో సర్కారు బయటికి తీసుకుపోనిచ్చే సొమ్ము చాలా తక్కువ. కాబట్టి రోజుకు ఎంతలో బతకాలన్నదే అసలు ప్రశ్న. నర్సమ్మ ప్రాణం తోడేసి రొట్టె ధర, పాల ధర, పడక ధర అడిగి తెలుసుకున్నాం. రోజు ఖర్చును మూడు వాటాలు చేశాను. ఒకటి తిండికి, ఒకటి పడకకు, ఒకటి వానకూ జబ్బుకూ. ఇవాళ ఎక్కువ తింటే రేపు పస్తుండాలి, అప్పు మాత్రం చేయకూడదు. ఇదీ నేను పెట్టిన షరతు. ఓడ ఎక్కడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు, అది వేరే సంగతి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని కచేరీలో అందరూ నవ్వేవాళ్లు. నా పేరు లింగయ్య కావడం వాళ్లకు ఇంకా కలిసొచ్చింది.

మరియమ్మ అయితే మొహం మీదే అంది. "ఉట్టికెగరలేనమ్మ సర్గానికి ఎగిరిందంట. నడిచి పాలమూరన్న చూసిన్రా ఎన్నడన్న?"

ఆ మాట దావీదుకు పౌరుషం తెప్పించింది. సరే, ముందు పాలమూరే పోదాం అన్నాడు. నల్లగొండ నుంచి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ దాకా సంచులు వీపుకు కట్టుకుని, యూరప్‌కు వేసిన లెక్కలోనే బతుకుతూ నడవాలి. మనిషికి రోజుకు రూపాయిన్నర, అన్నీ కలిపి. ఆ లెక్కలో పాలమూరు చేరితే యూరప్ కూడా చేరినట్టే. నాకూ నచ్చింది. ఏ లెక్కనైనా ఒకసారి వాడి చూడాలి కదా.

చలికాలంలో ఒక తెల్లవారుజామున బయలుదేరాం. పొద్దు వాలేసరికి చండూరు చేరాం. అక్కడొక హోటల్లో జొన్నరొట్టె, పప్పు తిని నేను చిల్లర తీశాను. హోటలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీయి వచ్చినయి సారూ. పొద్దుగాలనే కట్టిపోయిండు. ఎనక సంచులేసుకొని ఇద్దరొస్తరు, వాళ్ల దగ్గర తీసుకోకు అన్నడు."

ఎవరని అడిగితే తెలియదన్నాడు. కచేరీలో వాళ్లెవరో ఆట పట్టించడానికి చేశారనుకున్నాం. పొద్దున మేం ఇంకా ఊరు దాటలేదు, మాకంటే ముందు ఎవరు వచ్చి ఉంటారు అని నాకు తట్టింది. కానీ బస్సుంది కదా, బస్సులో వచ్చి ఉంటాడు అని సర్దుకున్నాను. తిండి వాటా మిగిలింది. దావీదు ఎగిరి గంతేశాడు.

మరునాడు మర్రిగూడ. అక్కడ పూటకూళ్లాయన నడుము వంగిపోయి ఉంది, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆ పక్క బావి నీళ్లు తాగితే ఎముకలు అలా బిగిసిపోతాయి, చాలామంది అలాగే కనిపించారు. భోజనం పెట్టాడు, పడుకోవడానికి అరుగు చూపించాడు. డబ్బు ఇవ్వబోతే మళ్లీ అదే మాట. తిండికీ పడకకూ ఇద్దరిదీ కట్టేసి పోయాడట.

ఈసారి నేను వదల్లేదు. మనిషి ఎలా ఉంటాడు అని అడిగాను. మామూలు మనిషే అన్నాడు. వయసు? ఉంటది అన్నాడు. ముఖం ఎలా ఉంటుంది అంటే, ఆయన తల గోక్కున్నాడు.

"చూసిన సారూ. మంచిగనే చూసిన. గాని యాదికొస్తలేదు."

కొన్ని సంగతులు మాత్రం ఆయనకు గుర్తున్నాయి. వచ్చినాయన నిలబడే మాట్లాడాడు. మంచినీళ్లు ఇస్తే వద్దన్నాడు. చెప్పుల్లేవు, కానీ కాళ్లకు దుమ్ము లేదు. మా కాళ్లయితే మోకాళ్ల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆ బాటన నడిచినవాడికి దుమ్ము అంటకుండా ఉండదు. ఇచ్చిన డబ్బులు చూపించమన్నాను. మామూలు రూపాయే, మామూలు చిల్లరే.

దావీదు సంబరం చూస్తే నాకు చిరాకు వచ్చింది. వాడు నడుస్తూనే మిగులు లెక్క కడుతున్నాడు. ఈ లెక్కన ఫలానా దేశంలో ఇంకో వారం ఉండొచ్చు అంటున్నాడు. ఉత్తపుణ్యానికి ఎవడూ ఎవడికీ అన్నం పెట్టడు, మా బాపు దుకాణంలో నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఎగతాళి అయితే ఇవాళ తేలిపోతుంది అని, చీలిక దగ్గర రోడ్డు వదిలేసి కంది చేన్ల మధ్య బండ్ల బాట పట్టించాను. ఆ బాటన పోతామని అంతకుముందు నాకే తెలియదు. దావీదుకూ తెలియదు.

మధ్యాహ్నానికి ఒక చిన్న గూడెం వచ్చింది. అక్కడ తాటాకు పందిరి కింద సాయమ్మ అనే ముసలామె జొన్న గట్క, అంబలి అమ్ముతోంది. మేం సంచులు దించకముందే ఆమె నవ్వింది.

"రాన్రి బిడ్డా. మీకోసమే ఉంచిన. ఇద్దరియి కట్టిండు గాయన."

ఎండ నెత్తిమీద మండుతోంది, నా వీపు మాత్రం చల్లగా అయింది. దావీదు వెనక్కి తిరిగి మేం వచ్చిన బాట చూశాడు.

సాయమ్మకు ఇదంతా తమాషాగా ఉంది. "బయానా ఇచ్చినట్టే ముందుగాల కట్టుకుంట పోతుండు. మిమ్ముల ఏమన్న కొంటడా ఏంది?" అని ఆటపట్టించింది.

నేను నవ్వలేదు. నా వంతు డబ్బులు తీసి ఆమె ముందు పెట్టాను. ఎవడి సొమ్మూ నాకొద్దు, నా తిండి నేను కొనుక్కుంటాను అన్నాను. మరి ఆయన కట్టింది ఏంచేయాలి అంది. ఏమన్నా చేసుకో అన్నాను. దావీదు మాత్రం కట్టినదే తిన్నాడు. మనదగ్గర ఉన్నది ఓడకు దాచుకోవాలి కదరా, వచ్చిన లక్ష్మిని కాలితో తన్నుతావా అన్నాడు.

ఆ సాయంత్రం ఇంకో ఊళ్లో తిన్నాం. లేచాక హోటలాయన దావీదు వైపు చూసి, మీది వచ్చింది అన్నాడు. నావైపు తిరిగి చెయ్యి చాపాడు.

"గాయన ఒక్కరికే కట్టిండు. రెండోయన తనది తనే ఇస్తడు అన్నడు."

నేను సాయమ్మ ముందు అన్న మాట సాయమ్మకు, దావీదుకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. మేం అక్కడి నుంచి తిన్నగా నడిచి వచ్చాం. మమ్మల్ని దాటి ఎవరూ పోలేదు. హోటలాయన మాత్రం ఆయన మధ్యాహ్నమే వచ్చి పోయాడంటాడు. ఇప్పటికీ ఈ లెక్క నాకు కూడిరాదు.

నాకు భయం వేసింది. దాచుకోవడం ఎందుకు, బాగా భయం వేసింది. తెల్లవారగానే బస్సెక్కి వెనక్కి పోదాం అన్నాను. దావీదు ఒప్పుకోలేదు. కాలు బొబ్బలెక్కి కుంటుతున్నాడు, అయినా మొండికేశాడు. కల్వకుర్తి రోడ్డు దాకా పోదాం, అక్కడ బస్సు దొరుకుతుంది, అక్కడ చూద్దాం అన్నాడు.

రోడ్డు ఎక్కిన చోట ఒకే ఒక్క హోటల్ ఉంది. ముందు కూర్చోవడానికి పెద్ద నల్లబండ. మిట్టమధ్యాహ్నం. ఆ హోటల్ ముసలాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"పొద్దుగాల ఒకాయనొచ్చిండు సారూ. ఇయ్యాల పైసలియ్య, నేనే వస్త, గా కుంటే పిల్లగాన్ని గీ బండమీద కూసోమను అన్నడు."

దావీదు చెయ్యి పట్టుకుని లేవరా పోదాం అన్నాను. వాడు బండమీద కూర్చుని చాయ్ చెప్పాడు.

"ఎందుకురా అంత బుగులు? ఎవరో పెద్దమనిషి. మన ముచ్చట విని ముచ్చటపడ్డడు. ఇయ్యాల మొఖం మీదనే అడుగుత, యూరప్‌కు ఇస్తవా అని."

"అప్పనంగ తినుడు మరిగినవ్ రా నువ్వు," అని తిట్టాను. వాడు నవ్వాడు. బస్సు ఆగే మలుపు అక్కడికి కూతవేటు దూరం. బస్సు ఎప్పుడొస్తుందో కనుక్కొచ్చి, ఎత్తుకెళ్లి అయినా ఎక్కిద్దామని పోయాను. అక్కడ చెట్టు కింద ఉన్నవాళ్లు ఇక వచ్చే టైమే అన్నారు. వెంటనే తిరిగొచ్చాను.

బండమీద సగం తాగిన చాయ్ గ్లాసు ఉంది. ముట్టుకుంటే వేడిగానే ఉంది. పక్కన వాడి సంచి. వాడు లేడు.

"గిప్పుడే గదా పోయిన్రు ఇద్దరు," అన్నాడు ముసలాయన.

"ఏమన్నడు గాయన?"

"ఏమనలే. చెయ్యి చాపిండు. పిల్లగాడు లేచి పట్టుకున్నడు. పోయిన్రు." ఆయనే మళ్లీ అన్నాడు. "కుంటలేదు సారూ. మంచిగ నడిచిండు."

ఆయన చూపించిన వైపు దున్నిన చేను. పిచ్చివాడిలా పరుగెత్తాను. మెత్తటి దుక్కిలో దావీదు కాన్వాసు బూట్ల గుర్తులు తిన్నగా పోయాయి. పక్కన ఇంకో జత లేదు. నేను వంగి, మోకాళ్లమీద కూర్చుని వెతికాను. ఒక్కరి అడుగులే. చేను దాటాక గుట్ట రాళ్లు మొదలయ్యాయి, అక్కడ ఇంకేం కనిపించదు. గొంతు పోయేదాకా అరిచాను. బస్సు వచ్చింది, పోయింది.

ఠాణాలో చెప్పాం. చుట్టుపక్కల బావులన్నీ గాలించారు. గుట్ట అంతా మనుషులు తిరిగారు. ఓడ పిచ్చి ఉన్నోడు కదా, బొంబాయి పోయి ఉంటాడు అన్నారు పోలీసులు. మరి డబ్బులన్నీ సంచిలోనే వదిలి పోతాడా?

మరియమ్మకు ఈ కబురు నేనే చెప్పాను. ఆమె ముందు గుండెలు బాదుకుని ఏడ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను. ఏడుపు ఆపుకుని, మొదటి నుంచీ మళ్లీ చెప్పమంది. చండూరు నుంచి మొదలుపెట్టి చెప్పాను. సాయమ్మ అన్న బయానా మాట దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేకలు అమ్ముకునేవాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. సంతకు ముందే బేరగాడు వచ్చి రూపాయో రెండో చేతిలో పెట్టిపోతాడు. అదే బయానా. అది పట్టుకున్నాక మేక మన దొడ్లోనే ఉన్నా, మన గడ్డే తిన్నా, ఇక మనది కాదు. వాడు ఎప్పుడొస్తే అప్పుడు తోలుకుపోతాడు. మనసు మారి అమ్మనంటే, తీసుకున్నదానికి రెండింతలు తిరిగివ్వాలి. మా పక్క ఊళ్లలో కాగితం లేకుండా నడిచే మాట అది. ఎంతటి పేదవాడూ దాన్ని తప్పడు.

"నా కొడుకు తెల్వక పట్టిండు. నేను వాపసిస్త," అంది మరియమ్మ.

ఆమె కాళ్లకు వెండి కడియాలు ఉండేవి. మరునాటికి లేవు. వాళ్ల చర్చి అయ్యగారు వచ్చి, ఇవన్నీ మూఢనమ్మకాలు, ప్రార్థన చెయ్యి అని మందలించాడు.

"ప్రార్థన ఇడువలేదయ్యా. గది దేవునితోని. గిది బేరగానితోని," అంది ఆమె.

నేను నమ్మలేదు. అయినా ఆమె వెంట పోయాను, పోకుండా ఎలా ఉంటాను? చండూరు హోటలాయన దగ్గర ఎంత కట్టారో అడిగింది. రెండింతలు ఆయన ముందు పెట్టింది. ఆయన దండం పెట్టి, నేనెవరికివ్వాలమ్మా, నాకొద్దు అన్నాడు. మర్రిగూడలోనూ అంతే. సాయమ్మ అయితే తన నోటి మాటకు తానే ఏడ్చి, ఆరోజు నా వంతుకు ఆయన కట్టగా నేను వదిలేసిన డబ్బు కూడా మరియమ్మ చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం తిన్న ఊళ్లోనూ అంతే, ఎవరూ తీసుకోలేదు. చివరికి ఆ రోడ్డు మీది హోటల్ దగ్గరికి వచ్చాం.

మరియమ్మ ఆ నల్లబండను కొంగుతో తుడిచింది. చిల్లర, రూపాయలు రెండు కుప్పలుగా పెట్టింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"పెద్దది నా కొడుకుది. చిన్నది నీది," అంది.

నేను అదిరిపడ్డాను. "నాదెందుకమ్మా? నేను మానుకున్న గద."

"మానుకునే ముందుగాల రెండు తావుల తిన్నవ్ బిడ్డా. గది గూడ బయానే. నీకు మాత్రం తల్లి లేదా?"

వద్దమ్మా అనాలి. అనలేదు.

బండకు ఎదురుగా బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. ఆమె, నేను, హోటల్ ముసలాయన. పొద్దు ఇంకా బాగా ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో ఏమో. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. కళ్లు గుంజుతున్నా నేను బండమీది నుంచి చూపు తిప్పలేదు. ఏదైనా జరిగితే పట్టుకోవాలి, తేల్చుకోవాలి అనే ఉంది నాకు.

అంతలో బస్సొకటి ఆగకుండా వేగంగా పోయింది. దుమ్ము లేచింది. కళ్లు మూసుకోక తప్పలేదు. మూడుసార్లు దగ్గేంత సేపు, అంతే. దుమ్ము సర్దుకున్నాక చూస్తే బండమీద ఒకే కుప్ప ఉంది.

పెద్దది అలాగే ఉంది. ఒక్క పైసా కదల్లేదు. చిన్నది లేదు.

బండ చుట్టూ వెతికాను. కింద చూశాను. ముసలాయన తన చేతులు చాపి చూపించాడు, ఆయన లేవనే లేదు, మా ఇద్దరి మధ్యన ఉన్నాడు. గాలికి చిల్లర ఎగరదు. దొంగ అయితే పెద్ద కుప్ప వదిలి చిన్నది ఎందుకు తీస్తాడు?

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నాకు ముందు కలిగింది సంతోషం. వీపుమీద నుంచి బస్తా దించినట్టు అయింది. ఆ తర్వాతే ఆమె ముఖం చూశాను.

ఆమె చీకటిపడేదాకా కూర్చుంది. ఆ కుప్పను చూస్తూనే ఉంది. చివరి బస్సు లైట్లు కనిపించాక లేచి, ఆ డబ్బును పైసా పైసా ఏరి కొంగున ముడేసుకుంది.

"నిన్నిడిసిండు బిడ్డా," అంది. "వాన్ని ఇడువలే."

బస్సులో నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. నల్లగొండ వచ్చేదాకా వదల్లేదు. దిగాక నా తల నిమిరి, ఇంటికి పో, మీ అమ్మ ఎదురుచూస్తుంటది అని, తను కేతేపల్లి బండి కోసం నిలబడింది.

దావీదు జాడ ఈనాటికీ తెలియలేదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆ దుమ్ములో ఏం జరిగిందో ఇప్పటికీ తూకం వేస్తూనే ఉన్నాను. ఆమె తన కాళ్ల కడియాలు అమ్మి ఇద్దరు కొడుకులను విడిపించబోయింది. ఆమె కనని కొడుకు ఇంటికి వచ్చాడు.